శ్రుతినే సంగీతంగా వినడం: తిరుపతి ఇంట్లో డ్రోన్, యాంబియెంట్ సంగీతానికి చెవిని సిద్ధం చేసుకునే క్రమం

తిరుపతి మహతి ఆడిటోరియంలో కచేరీ మొదలయ్యే ముందు ఒక అర నిమిషం తంబూరా ఒక్కటే మోగుతుంది. ఆ తర్వాత కూడా చివరిదాకా అది మోగుతూనే ఉంటుంది గానీ ఎవరూ దాన్ని వినరు. పాటగాణ్ణి పక్కకు తప్పించి ఆ అర నిమిషాన్ని గంటసేపు సాగదీస్తే వచ్చేదే డ్రోన్ సంగీతం. దీనికి దగ్గరి చుట్టం యాంబియెంట్. అందులో స్వరాలు కదులుతాయి, కానీ ఎక్కడికో చేరుకోవాలన్న తొందర ఉండదు. ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతం ఇంకా విశాలం. టేపు, సింథసైజరు, మైకు, గది, కరెంటు రొద, ఏదైనా అక్కడ వాద్యమే.

పల్లవి కోసం, సమం (తాళం మొదటి దెబ్బ) కోసం ఎదురుచూసే చెవికి ఇందులో ఏమీ దొరకదు. పది నిమిషాలు విని "ఏం జరగలేదే" అనిపిస్తుంది. నిజానికి జరుగుతుంది, శ్రుతి లోపల జరుగుతుంది. కర్ణాటక సంగీతం ఏ కొంచెం విన్నవాళ్ళకైనా శ్రుతి తప్పితే తెలుస్తుంది కదా, ఆ గుణం ఒక్కటి చాలు. మిగతాదంతా గది, పరికరం, ఓపిక సర్దుకోవడమే.

గది ముందు, సంగీతం తర్వాత

ఈ సంగీతంలో సగం విషయం చాలా తక్కువ శబ్దంలో ఉంటుంది. కాబట్టి మొదట మీ గదిలో ఇప్పటికే మోగుతున్న డ్రోన్లను లెక్కబెట్టండి. తలుపులు మూసి, ఏమీ పెట్టకుండా, అయిదు నిమిషాలు కూర్చోండి. ఫ్యాను, ఫ్రిజ్, ఇన్వర్టరు, పక్కింటి ఏసీ, రోడ్డు మీద ఆటోలు ఒక్కొక్కటిగా బయటపడతాయి.

ఫ్యానుతోనే అసలు చిక్కు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను ఆపి గంటసేపు కూర్చోమనడం అన్యాయం. ఫ్యాను శబ్దంలో రెండు భాగాలున్నాయి. రెక్కలు గాలిని కోసే హోరు ఒకటి. ఇది అన్ని స్థాయిల్లోనూ పరుచుకుని ఉంటుంది, చెవి దీనికి త్వరగా అలవాటు పడుతుంది. రెండోది మోటారు రొద. మన కరెంటు 50 హెర్ట్జ్, దానివల్ల మోటార్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ ఎక్కువగా 100 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమంటాయి. సంగీతం భాషలో చెప్పాలంటే అయిదు శ్రుతి మంద్ర షడ్జం 98 హెర్ట్జ్. మోటారు రొద దానికి కాస్త పైన, అరస్వరంలో మూడో వంతు హెచ్చుగా ఉంటుంది. మీరు వింటున్న రచన అయిదు శ్రుతి ఆధారంగా ఉంటే ఆ రెండూ కలిసి శబ్దం సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతూ ఊగుతుంది. అది రచనలోదే అనుకుని మురిసిపోయే ప్రమాదం ఉంది. అనుమానం వస్తే ఫ్యాను ఒక్క నిమిషం ఆపి చూడండి. ఊపు ఆగిపోతే అది ఫ్యానుదే.

రెగ్యులేటరు కూడా చూసుకోవాలి. గుండీని సాఫీగా తిప్పుతూ వేగం మార్చే ఎలక్ట్రానిక్ రకం కరెంటు తరంగాన్ని ముక్కలు చేసి పంపుతుంది, తక్కువ వేగంలో మోటారు ఎక్కువగా మూలుగుతుంది. ఒకటి, రెండు, మూడు అని మెట్లుగా తిరిగే కెపాసిటరు రకం పెట్టించుకుంటే ఆ మూలుగు చాలావరకు పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడుస్తున్నప్పుడు ఫ్యాను వేరే గొంతుతో మోగుతోందంటే మీ ఇన్వర్టరు స్క్వేర్ వేవ్ రకమన్నమాట. ఆ సమయంలో స్పీకర్లతో వినకండి, ఫోను బ్యాటరీ మీద ఇయర్‌ఫోన్లతో వినండి.

వేళల సంగతికొస్తే, తెల్లవారుజామున నాలుగు నుంచి అయిదున్నర మధ్య వేసవిలో కూడా ఫ్యాను తగ్గించి కూర్చోవచ్చు, రోడ్లూ నిద్రలో ఉంటాయి. గుడి మైకు దగ్గర్లో ఉన్నవాళ్ళు సుప్రభాతం వేళను తప్పించుకోవాలి. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య వీధి సద్దుమణుగుతుంది గానీ అప్పుడు ఉక్క. మే నెలలో గంగమ్మ జాతర రోజుల్లో ఊళ్ళో మైకుల మధ్య మెల్లని రచనలు పెట్టుకోవడం దండగ. ఆ వారం వినదగ్గ సంగీతం వీధిలోనే ఉంటుంది.

పరికరం: ఖరీదు కన్నా బిగింపు ముఖ్యం

మొదలుపెట్టడానికి చెవిలోకి బిగుతుగా కూర్చునే వైరు ఇయర్‌ఫోన్లు చాలు. వాటి రబ్బరు మూతులు మూడు సైజుల్లో వస్తాయి, మూడూ పెట్టి చూడండి. మూతి వదులైతే బాస్ మొత్తం కారిపోతుంది. డ్రోన్ రచనలో బాస్ పోతే మిగిలేది సన్నటి ఈల. ఫోనుకు గుండ్రటి జాక్ లేకపోతే యూఎస్‌బీ-సీ నుంచి జాక్‌కు మార్చే చిన్న తోక కొనుక్కోవాలి.

చెవుల మీద కూర్చునే పెద్ద హెడ్‌ఫోన్లు కొనేవాళ్ళు గుడ్డ మెత్తలున్నవి చూసుకోండి. రెక్సిన్ మెత్తలు మన చెమటకు పొరలు పొరలుగా ఊడిపోతాయి. వెనక జాలీ ఉన్న ఓపెన్ రకంలో శబ్దం విశాలంగా ఉంటుంది, కానీ ఫ్యాను హోరంతా లోపలికి వస్తుంది. మన ఇళ్ళకు మూసిన రకమే నయం. నాయిస్ క్యాన్సిలింగ్ ఫ్యాను లాంటి నిలకడైన కింది రొదను బాగా తగ్గిస్తుంది. బదులుగా కొన్నిట్లో సన్నటి బుస వినిపిస్తుంది. బ్లూటూత్ వాటిలో ఇంకో తంటా ఉంది. శబ్దం బాగా తగ్గగానే "పాట అయిపోయింది" అనుకుని కొన్ని తమంతట తామే మూగబోతాయి. ముగింపులో రెండు నిమిషాల పాటు కరిగిపోయే రచన ఒక్కసారిగా తెగిపోతే తప్పు రచనది కాకపోవచ్చు.

స్పీకర్లుంటే వేరే అనుభవం, వేరే సమస్య. పది అడుగులకు పన్నెండు అడుగుల గదిలో గోడల మధ్య దూరాన్ని బట్టి 48, 57 హెర్ట్జ్ దగ్గరి శబ్దాలు నిలిచిపోయి ఉబ్బుతాయి. గోడకు ఆనుకుని కూర్చుంటే ఆ ఉబ్బు ఎక్కువ. గదికి నట్టనడుమ కూర్చుంటే అవే స్వరాలు దాదాపు మాయం. పన్నెండు అడుగుల పొడవులో ఒక గోడకు నాలుగున్నర అడుగుల దూరంలో కుర్చీ వేసుకోవడం మధ్యేమార్గం. గ్రానైట్ నేల, సున్నపు గోడలు పై శబ్దాలను బంతుల్లా తిప్పికొడతాయి. నేల మీద బొంత పరిచి, వెనక గోడకు పరుపు నిలబెట్టి, బట్టల బీరువా తలుపులు తెరిచి పెడితే గోల గణనీయంగా తగ్గుతుంది.

ఫోనులో ఆపాల్సినవి

వినే యాప్‌లో ఈక్వలైజరు, డాల్బీ లాంటి హంగులు, పాటల మధ్య క్రాస్‌ఫేడ్, శబ్దాన్ని సమం చేసే నార్మలైజేషన్, ఆటోప్లే అన్నీ ఆపేయండి. రచనల మధ్య ఖాళీ రానివ్వని గ్యాప్‌లెస్ ఒక్కటి ఆన్‌లో ఉంచండి. క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే ఒక రచన ముగింపు మీద ఇంకోదాని మొదలు వచ్చి పడుతుంది. సినిమా పాటలకు అది చెల్లుతుందేమో, ఇక్కడ చెల్లదు. ఉచిత సేవల్లో నడిమధ్యలో ప్రకటన పడితే నలభై నిమిషాల ఓపిక ఒక్క క్షణంలో గంగపాలు. అందుకే ఫైలు దించుకుని, ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వినడం మేలు.

ఫైళ్ళ లెక్క: కుదించని సీడీ నాణ్యత గంటకు సుమారు 600 ఎంబీ, 320 కేబీపీఎస్ ఎంపీ3 గంటకు 144 ఎంబీ. నాణ్యత పోకుండా కుదించే ఎఫ్‌ఎల్‌ఏసీ వీటి మధ్యలో ఉంటుంది. మెత్తటి యాంబియెంట్‌కు 320 ఎంపీ3 బాగానే సరిపోతుంది. రొద ఎక్కువున్న రచనలకు తక్కువ బిట్‌రేటు పనికిరాదు, నీళ్ళలో బుడగల్లాంటి మెలికలు వినిపిస్తాయి. ఇలాంటి సంగీతం చేసే కళాకారుల్లో చాలామంది తమ ఫైళ్ళను బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్‌లో అమ్ముతారు. అక్కడ కార్డు పనిచేయకపోతే ముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేశారో లేదో చూడండి. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లో వస్తుంది.

వాల్యూమ్ ఎంత

కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రచన మొదట్లో ఏమీ వినపడదు, వాల్యూమ్ పెంచుతారు. పదిహేనో నిమిషానికి అది మెల్లగా కొండంత అవుతుంది. పెరుగుదల ఎంత నెమ్మదంటే చెవి గమనించదు. అందుకే వాల్యూమ్‌ను ఎప్పుడూ రచన నడిమధ్యలోకి వెళ్ళి, బాగా దట్టంగా ఉన్న చోట సర్దుకుని, ఆపైన మొదటికి వచ్చి వినాలి. మధ్యలో ముట్టుకోకూడదు. మొదటి రెండు నిమిషాలు వినపడకపోయినా ఫర్వాలేదు, చెవి తానే దారికొస్తుంది.

లెక్క ఇది: 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగమవుతుంది. 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు, 94 దగ్గర ఒకే గంట. మామూలు పాటలో చరణాల మధ్య చెవికి ఊపిరి దొరుకుతుంది, డ్రోన్‌లో దొరకదు. ఆపాక చెవుల్లో గుయ్యిమంటే ఎక్కువైనట్టే. మర్నాడు పూర్తిగా మానేయండి.

మొదటి వారం: తంబూరా, రెండు ఫోన్లు

ఎలక్ట్రానిక్ సంగీతం జోలికి పోకముందు వారం రోజులు, రోజుకు పది నిమిషాలు తంబూరా వినండి. యాప్‌లు పనికొస్తాయి గానీ వాటిలో చాలావరకు చిన్న ముక్కనే తిప్పి తిప్పి వినిపిస్తాయి, అతుకు దొరికిందంటే చెవి దానిమీదే ఆగిపోతుంది. అసలు తంబూరా రికార్డింగు దొరికితే అది మేలు. మీ ఇంట్లోనో, సంగీతం నేర్చుకునేవాళ్ళ ఇంట్లోనో నిజం తంబూరా ఉంటే ఇంక కావాల్సిందేముంది.

తంబూరా నాలుగు తీగలను మీటే పంచమం, రెండు సారణులు (మధ్య షడ్జం తీగలు), మంద్ర షడ్జం అనే వరుసలో మంద్ర షడ్జం తీగ మీద మనసు పెట్టండి. ఆ తీగ మీటిన కాసేపటికి దానిపైన తారస్థాయిలో అంతర గాంధారం తేలుతుంది. ఎవరూ గాంధారాన్ని మీటలేదు. ఆ తీగ కంపనంలో అయిదో అంశం (హార్మోనిక్) అది. మనవాళ్ళు దాన్ని స్వయంభూ గాంధారం అన్నారు. అది వినపడకపోతే ముందు మీ గొంతుతో గాంధారాన్ని ఒకసారి మెల్లగా పాడి ఆపండి, తీగలో ఉన్నది వెంటనే పైకి వస్తుంది. బ్రిడ్జి మీద తీగ కింద దారం జరిపితే ఆ పై స్వరాలు వెలుగుతాయి, ఇంకాస్త జరిపితే ఆరిపోతాయి. సింథసైజరులో ఫిల్టరు తిప్పడం వల్ల వినిపించే మార్పు దాదాపు ఇలాగే ఉంటుంది.

ఆ తర్వాత ఊపులు. రెండు ఫోన్లలో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని బల్ల మీద పక్కపక్కన పెట్టండి. ఇయర్‌ఫోన్లు వద్దు, రెండు శబ్దాలూ గాల్లో కలవాలి. ఒకదానిలో 440, రెండోదానిలో 441 హెర్ట్జ్ పెడితే శబ్దం సెకనుకోసారి ఉబ్బి తగ్గుతుంది. 440.5 పెడితే రెండు సెకన్లకోసారి. 443 అంటే సెకనుకు మూడు. 460 దగ్గర ఊపు పోయి గరుకుదనం వస్తుంది. ఇంకా పైకి పోతే రెండు వేరు స్వరాలుగా విడిపోతాయి. ఇప్పుడు ఒక్క ఫోనే ఉంచి తలను మెల్లగా ఒక జానెడు పక్కకు జరపండి. 440 హెర్ట్జ్ అల పొడవు సుమారు 78 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 20 సెంటీమీటర్లు జరిగితే గోడల మధ్య నిలిచిన శబ్దంలో గట్టి చోటు నుంచి మెత్తటి చోటుకు వచ్చేస్తారు. అమెరికా స్వరకర్త లా మాంటే యంగ్ న్యూయార్క్‌లో నడిపే డ్రీమ్ హౌస్‌లో జరిగేది సరిగ్గా ఇదే. స్వరాలు మారవు, నడిచే మనిషిని బట్టి సంగీతం మారుతుంది. ఆయన 1970 నుంచి హిందుస్తానీ సంగీతంలోని కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ శిష్యుడు. తంబూరా దారి అక్కడిదాకా పోయింది.

ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి పెట్టండి. లేకపోతే "ఏందబ్బా ఆ మోత, మిద్దె మీద మోటారు ఆపలేదా?" అని నడిమధ్యలో తలుపు తడతారు.

తర్వాత వినాల్సినవి, ఏ వరుసలో

మొదట బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో 1978లో చేసిన "మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్"లోని రెండో రచన, "2/1". అందులో ఉన్నవి మనుషుల గొంతులు మాత్రమే. ఒక్కో స్వరం ఒక్కో పొడవున్న టేపు చుట్టలో తిరుగుతుంది. ఒకటి 23 సెకన్ల చిల్లరకు, ఒకటి 26కు కాస్త తక్కువగా, ఒకటి 30కి కాస్త తక్కువగా మళ్ళీ వస్తుంది. అందుకే స్వరాల కలయిక ఎప్పుడూ ఒకేలా పడదు. స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక గొంతును ఎంచుకోండి, అది మళ్ళీ ఎప్పుడొస్తుందో లెక్కపెట్టండి. రెండోసారి వాచ్ పక్కన పెట్టి వినండి. ఆవర్తనం లెక్కపెట్టే అలవాటున్న చెవికి ఇది సులువైన ద్వారం.

రెండో మెట్టు పాలీన్ ఒలివెరోస్, స్టువర్ట్ డెంప్‌స్టర్, పనయోటిస్ కలిసి వాషింగ్టన్ రాష్ట్రంలో ఖాళీ భూగర్భ నీళ్ళ తొట్టిలో దిగి చేసిన "డీప్ లిజనింగ్" (1989). అక్కడ శబ్దం 45 సెకన్ల దాకా ఆరదు. అకార్డియన్ ఎప్పుడు ఆగింది, దాని ప్రతిధ్వని ఎప్పుడు ఆగింది అనేది పట్టుకోవడమే పని. చాలాసార్లు తప్పుతుంది, తప్పాలి కూడా.

మూడోది విలియం బసిన్‌స్కీ "డిసింటిగ్రేషన్ లూప్స్". 1980లనాటి టేపు చుట్టలను 2001లో కంప్యూటరులోకి ఎక్కిస్తుంటే టేపు మీది అయస్కాంత పొడి రాలిపోసాగింది. తిరిగిన ప్రతిసారీ కొంచెం సంగీతం పోతుంది. మొదటి రచన గంటకు పైనే. మొదటి చిల్లు ఎన్నో నిమిషంలో పడిందో గుర్తు పెట్టుకోండి. దీన్ని పనిచేసుకుంటూ వింటే ఏమీ దక్కదు.

వీటి తర్వాతే ఫ్రెంచ్ స్వరకర్త ఎలియాన్ రాదిగ్. ఏఆర్‌పీ 2500 సింథసైజరు, టేపులతో ఆమె చేసిన "ట్రిలజీ ద లా మోర్" మూడు భాగాలు, ఒక్కోటీ సుమారు గంట. నడిమి భాగం పేరు "కైలాష". ఈ వరుసలో అన్నిటికన్నా గొప్పది ఇదే, అన్నిటికన్నా కష్టం కూడా ఇదే. పూర్తిగా ఒకసారి విన్నాక అయిదో నిమిషంలో పది సెకన్లు, నలభయ్యో నిమిషంలో పది సెకన్లు పెట్టి పోల్చండి. పూర్తిగా వేరే చోటికి వచ్చేసి ఉంటారు, దారిలో ఎక్కడా మలుపు వినపడి ఉండదు. ఈ పోలిక వినకముందే చేస్తే మజా పోతుంది.

మన దేశంలో జరిగిన పని తెలియాలంటే "ద ఎన్ఐడీ టేప్స్" వినాలి. 1969లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మోగ్ సింథసైజరుతో స్టూడియో పెట్టాడు. 1972 దాకా గీతా సారాభాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా వంటివాళ్ళు అక్కడ రికార్డు చేసినవి 2023లో బయటికొచ్చాయి. అన్నీ గొప్పవి కావు. కొన్ని కొత్త యంత్రం గుండీలు తిప్పి చూసినట్టే ఉంటాయి. అయినా వినాలి.

అమెరికా స్వరకర్త ఫిల్ నిబ్లాక్ రచనలు గట్టిగా పెట్టి స్పీకర్లలో వినాల్సినవి. వాద్య స్వరాలను కొద్ది హెర్ట్జ్ తేడాతో పొరలు పొరలుగా పేర్చాడు, ఆ ఊపులు గది నిండాలి. పగలు పదకొండు గంటలకు, పక్కిళ్ళవాళ్ళు ఆఫీసులకు పోయాక, ఇరవై నిమిషాలు. జపాన్ కళాకారుడు మెర్జ్‌బౌ చేసే లాంటి కఠోర నాయిస్‌కు ఇప్పుడే తొందర లేదు.

"432 హెర్ట్జ్ రోగాలు పోగొడుతుంది" అంటూ వచ్చే ఎనిమిది గంటల వీడియోలను వదిలేయండి. ఆ మాటకు రుజువు లేదు. సంగీతంగా చూసినా చాలావాటిలో వినడానికేమీ లేదు.

నాలుగో నిమిషం విసుగు

దాదాపు అందరికీ నాలుగు నుంచి ఏడు నిమిషాల మధ్య చెయ్యి ఫోను మీదికి పోతుంది. ఫోను ఇంకో గదిలో పెట్టడం, లేదా బోర్లించి దూరంగా పెట్టడం తప్ప దీనికి వేరే మందు లేదు. అప్పుడు దృష్టిని ఒక చోటికి కట్టండి. ముందు అన్నిటికన్నా కింది స్వరం, తర్వాత అన్నిటికన్నా పైది, ఆ తర్వాత ఊపు. ఇరవయ్యో నిమిషానికి కూడా పట్టు దొరక్కపోతే ఆపేయండి, అది ఆ రోజుకు కాదు. నిద్ర వస్తే వెల్లకిలా పడుకోవడం మాని గోడకు ఆనకుండా కూర్చోండి. భోజనం చేసిన గంటలోపు మొదలుపెట్టకండి. ఘాట్ రోడ్డు మీద బండి నడుపుతూ ఈ సంగీతం అసలొద్దు, వెనక హారన్ వినపడదు.

బయట వినడానికి ఊళ్ళోనే చాలా ఉంది. కార్తీక మాసం వానల తర్వాత కపిలతీర్థం జలపాతం దగ్గర నిలబడి, మెల్లగా దూరం జరగండి. ముందు పై బుస పోతుంది, చివరికి కింది గర్జన మిగులుతుంది. గుళ్ళో మేళం జరుగుతుంటే నాదస్వరాన్ని వదిలి, పక్కన ఒకే స్వరాన్ని ఊదుతూ ఉండే ఒత్తును పట్టుకోండి. ఊదేవాడు ఊపిరి తిప్పుకునే చోట స్వరం వణికే క్షణం ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల ఒత్తు స్థానంలో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వచ్చింది, ఆ వణుకు అందులో ఉండదు.

గదిని పాడించడం

అమెరికా స్వరకర్త ఆల్విన్ లూసియర్ 1969లో "ఐ యామ్ సిట్టింగ్ ఇన్ ఎ రూమ్" అని ఒక పని చేశాడు. తన మాటలు రికార్డు చేసి, అదే గదిలో వినిపించి, ఆ శబ్దాన్ని మళ్ళీ రికార్డు చేసి, ఇలా పదే పదే తిప్పాడు. చివరికి మాటలు కరిగి, ఆ గదికి ఇష్టమైన స్వరాలే మిగిలాయి. ఇంట్లో చేయడానికి ఒక ఫోను, ఒక స్పీకరు, ఒక మధ్యాహ్నం కావాలి.

ముప్పై సెకన్ల మాటలు రికార్డు చేయండి. ఫోనును స్పీకరుకు ఆరడుగుల దూరంలో, స్టూలు మీద, మెత్తటి గుడ్డపై పెట్టండి. స్పీకరు గోడవైపు తిరిగి ఉంటే గది త్వరగా పలుకుతుంది. ఫ్యాను ఆపాలి, లేకపోతే ఆరో విడతకు ఫ్యానే పాడుతుంది. రికార్డింగు యాప్‌లో నాయిస్ తగ్గించే సౌకర్యం, శబ్ద స్థాయిని తనంతట సర్దే సౌకర్యం రెండూ ఆపి, వేవ్ ఫైలుగా ఎక్కించాలి. ఫోనుతో వచ్చే మామూలు రికార్డరులో ఇవి చాలాసార్లు ఆపడానికి వీలుండదు, వేరే యాప్ దించుకోండి. ఇవి ఆన్‌లో ఉంటే గది స్వరాన్నే చెత్త శబ్దం అనుకుని యాప్ తుడిచేస్తుంది, ప్రయోగం మూడో విడతకే చచ్చిపోతుంది. మీటరు గరిష్ఠం మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఉండేలా స్పీకరు వాల్యూమ్ సర్దండి. దాటితే పగిలిన శబ్దం వస్తుంది, ఆ పగులు ప్రతి విడతలోనూ పెరుగుతుంది.

నాలుగైదు విడతలకు హల్లులు మసకబారతాయి, పది పన్నెండుకు మాట పూర్తిగా పోతుంది. మిగిలిన స్వరాలను ట్యూనరు యాప్‌తో చూసి రాసి పెట్టుకోండి. చిన్న స్పీకరు అయితే 48, 57 హెర్ట్జ్ లాంటి కింది స్వరాలు రావు, వాటి పై అంశాలే వస్తాయి. ఇకమీదట ఏ రచనలోనైనా ఒక స్వరం అకారణంగా ఉబ్బినట్టనిపిస్తే ఆ చీటీతో పోల్చండి. అది చీటీలో ఉంటే కుర్చీని ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపి మళ్ళీ వినండి.